బొంబాయి పెంగ్విన్‌కు చలి ఒక్కటే సరిపోతుందా?

నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు నుంచి బొంబాయికి బస్సెక్కడం పాలమూరులో తరాల నాటి సంగతి. పనికి పోయి అక్కడే ఉండిపోయిన కుటుంబాలు లెక్కలేనన్ని. వేసవి సెలవులకు ఊరి నుంచి పిల్లలు వెళ్తే సముద్రం, గేట్‌వే చూపించాక ఇప్పుడు బైకుల్లాలోని రాణీబాగ్ జూకు కూడా తీసుకెళ్తున్నారు. కారణం పెంగ్విన్లు. 2016లో దక్షిణ కొరియాలోని సియోల్ నుంచి ఎనిమిది హంబోల్ట్ పెంగ్విన్లను అక్కడికి తెచ్చారు. 2017 మార్చి నుంచి జనానికి చూపిస్తున్నారు. అద్దానికి అవతల 16 నుంచి 18 డిగ్రీల చలి, ఇవతల బొంబాయి ఉక్కపోత. చూసి వచ్చినవాళ్లు చెప్పే మాట దాదాపు ఒకటే: "ఏసీలో పెట్టిన్రు కాబట్టి బతుకుతున్నయ్, లేకుంటే ఒక్క రోజు ఉండవు."

ఆ మాటలో సగం నిజం. మే నెలలో నల్లగొండలో 44, 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆ ఎండలో ఏ పెంగ్విన్‌నూ ఉంచలేరు. దాని ఒంటి మీది ఈకలు దట్టంగా, ఒకదాని మీద ఒకటి పెంకులు పరిచినట్టు ఉంటాయి. చర్మం కింద కొవ్వు పొర ఉంటుంది. చల్లని నీళ్లలో వేడి బయటికి పోకుండా కాపాడే ఈ ఏర్పాటే ఎండలో శత్రువవుతుంది. అయితే పెంగ్విన్ అనగానే మంచు గుర్తుకు రావడం, చల్లగా ఉంచితే చాలు హాయిగా బతుకుతుందనుకోవడం మాత్రం తప్పు లెక్క. జూలో పెంగ్విన్‌కు వచ్చే కష్టాల్లో అన్నిటికన్నా తేలిగ్గా తీరేది వేడి. డబ్బు, కరెంటు, జనరేటర్ ఉంటే దాని పని అయిపోతుంది. మిగతావి అంత సులువుగా లొంగవు.

ముందు హంబోల్ట్ సొంతూరు గురించి. పెంగ్విన్లలో 18 రకాలు ఉన్నాయని ఎక్కువమంది శాస్త్రవేత్తల లెక్క. వాటిలో అంటార్కిటికా మంచును నమ్ముకుని బతికేవి ముఖ్యంగా ఎంపరర్, అడీలీ. గాలాపగోస్ పెంగ్విన్ అయితే భూమధ్యరేఖ మీదే కాపురం ఉంటుంది. హంబోల్ట్ పెంగ్విన్‌ది పెరూ, చిలీ దేశాల పసిఫిక్ తీరం. ఆ తీరం ఎడారి. వాన అన్నది అరుదు, చెట్టు నీడ ఉండదు, ఎండాకాలం మధ్యాహ్నం రాళ్లు కాలుతుంటాయి. కానీ ఆ ఎడారిని ఆనుకుని దక్షిణం నుంచి ఒక చల్లని సముద్ర ప్రవాహం పారుతుంది. దాని పేరూ హంబోల్ట్ ప్రవాహమే. లోతు నుంచి పైకి ఎగదన్నే ఆ చల్లని నీళ్లలో పోషకాలు ఎక్కువ, అందుకే అక్కడ ఆంకోవీ అనే చిన్న చేపలు గుంపులు గుంపులుగా ఉంటాయి. పెంగ్విన్ ఉండేది ఎండలో, తినేది చల్లని నీళ్లలో. రెండింటి మధ్య తిరగడమే దాని బతుకు.

అందుకు తగ్గట్టే దాని ఒళ్లు కూడా తయారైంది. ముక్కు మొదట్లో, కళ్ల చుట్టూ ఈకలు లేని గులాబీ రంగు చర్మం ఉంటుంది. వేడెక్కినప్పుడు అక్కడికి రక్తం ఎక్కువగా పారి వేడి బయటికి పోతుంది. రెక్కలు ఎత్తి నిలబడుతుంది, కుక్కలాగా నోరు తెరిచి రొప్పుతుంది. గూడు మాత్రం నేల లోపల. శతాబ్దాలుగా పేరుకుపోయిన సముద్ర పక్షుల రెట్టలో బొరియ తవ్వుకుని, ఆ చీకటి చల్లదనంలో రెండు గుడ్లు పెడుతుంది. తల్లీ తండ్రీ వంతులవారీగా దాదాపు 40 రోజులు పొదుగుతాయి. ఆ రెట్టను గ్వానో అంటారు. 19వ శతాబ్దంలో యూరప్, అమెరికా పొలాలకు ఎరువు కోసం దాన్ని ఓడల కొద్దీ తవ్వుకుపోయారు. యూరియా బస్తాలు రాకముందు ప్రపంచంలోనే పేరుమోసిన ఎరువు అదే. తవ్వేశాక మిగిలింది బండ. బొరియకు చోటు లేక ఎన్నో జతలు బయట ఎండలోనే గుడ్లు పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు తవ్వకానికి హద్దులున్నాయి. పెరూలోని పుంతా సాన్ హువాన్ అనే చోట ఎరువు పక్షుల కోసం కట్టిన గోడే పెంగ్విన్లకూ రక్షణ అయింది.

ఇక నీళ్లలో పని. బయట నడుస్తుంటే నవ్వు తెప్పించే ఈ పక్షి నీళ్లలోకి దిగితే వేరే జీవి. రెక్క గట్టి తెడ్డు అవుతుంది, నీళ్లలో ఎగిరినట్టు పోతుంది. గూట్లో పిల్లలున్నప్పుడు కూడా చేపల కోసం పదుల కిలోమీటర్లు వెళ్లి వస్తుంది. హంబోల్ట్ మునకలు ఎక్కువగా 30 మీటర్ల లోపే. ఎంపరర్ సంగతి వేరు. అది 500 మీటర్లకు పైగా దిగినట్టు నమోదైంది. నాగార్జునసాగర్ డ్యాం ఎత్తు 124 మీటర్లు. అలాంటివి నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చినా ఆ లోతుకు చాలవు. ఒక్క ఊపిరితో అంత లోతుకు పోయి రావడానికి కావలసిన గుండె, కండ, రక్తం దానికి పుట్టుకతోనే ఉన్నాయి. జూలోని మూడు నాలుగు మీటర్ల లోతు కొలనులో ఆ గుండెకూ కండకూ పెద్దగా పని పడదు.

పైగా తిండి బకెట్‌లో వస్తుంది. సముద్రంలో పెంగ్విన్ రోజులో ఎక్కువ భాగం వెతకడానికి, వెంటాడటానికి పోతుంది. జూలో రెండు పూటలా సిబ్బంది చేపను తల వైపు నుంచి నోటికి అందిస్తారు. తోక వైపు నుంచి ఇస్తే పొలుసులు, ముళ్లు గొంతులో అడ్డం పడతాయి. ఆ చేప గడ్డకట్టించి కరిగించినది కాబట్టి అందులో బీ1 విటమిన్ చాలావరకు పోతుంది. ఆ లోటు తీర్చడానికి చేప మొప్పల్లో విటమిన్ మాత్ర దాచి పెడతారు. కొలనులో మంచినీళ్లే ఉంటే ఇంకో సమస్య. పెంగ్విన్ కళ్ల పైన ఉప్పును వడగట్టి బయటికి పంపే గ్రంథులు ఉంటాయి. ఉప్పునీళ్లు లేకపోతే వాటికి పని ఉండదు. అందుకే కొన్ని జూలు ఉప్పు కూడా మాత్రల రూపంలో ఇస్తాయి. ఇవన్నీ చేయగలిగినవే, చేస్తున్నారు కూడా. కానీ సముద్రం ఒక్కటే ఇచ్చేవాటిని ఇక్కడ ముక్కలు ముక్కలుగా, మనిషి గుర్తుపెట్టుకుని అందించాలి. ఒకటి మరిచిపోతే అది పక్షి ఒంట్లో బయటపడుతుంది.

అన్నిటికన్నా ముందు బయటపడేది కాళ్లలో. షాద్‌నగర్, జడ్చర్ల చుట్టుపక్కల కోళ్ల ఫారాలు నడిపేవాళ్లకు ఈ జబ్బు గురించి చెప్పాల్సిన పని లేదు. గట్టి నేల మీద, తడి లిట్టర్ (ఫారం నేల మీద పరిచే పొట్టు) మీద బరువైన కోడి ఎక్కువసేపు నిలబడితే పాదం కింద చర్మం ఒరుసుకుపోయి, పుండు పడి, లోపల చీము గడ్డ కడుతుంది. ఇంగ్లిష్‌లో దాన్నే బంబుల్‌ఫుట్ అంటారు. జూ పెంగ్విన్లకు ఇది పాత శత్రువు. సముద్రంలో బతికే పెంగ్విన్ రోజులో చాలాసేపు నీళ్లలో తేలుతుంది, పాదాల మీద బరువు పడదు. జూలో ఈదడానికి కారణం లేక నేల మీదే నిలబడుతుంది, ఒళ్లు పెరుగుతుంది, ఆ బరువంతా రెండు పాదాల మీదే. ఏసీ ఎంత బాగా పనిచేసినా దీనికి మందు కాదు. నేలను మార్చాలి. మెత్తని చాపలు, గులకరాళ్లు, ఎత్తుపల్లాలు పెట్టాలి, పక్షిని నీళ్లలోకి దింపే ఉపాయం చూడాలి.

లండన్ జూలో జరిగింది ఇందుకు మంచి ఉదాహరణ. 1934లో బెర్తోల్డ్ లుబెట్కిన్ అనే వాస్తుశిల్పి అక్కడ పెంగ్విన్ల కోసం ఒక కొలను కట్టాడు. తెల్లని కాంక్రీటు, గాలిలో తేలుతున్నట్టు ఒకదాన్నొకటి చుట్టుకున్న రెండు వాలు దారులు. ఆధునిక కట్టడాల గురించి రాసే ప్రతి పుస్తకంలో దాని ఫోటో కనిపిస్తుంది. ఆ దారుల మీద పెంగ్విన్లు వరుసగా దిగుతుంటే చూసేవాళ్లకు కన్నుల పండుగ. కానీ గరుకు కాంక్రీటు వాటి పాదాలను తినేసింది. 2004లో పక్షులను అక్కడి నుంచి తరలించారు. రక్షిత కట్టడం కాబట్టి కొలనును కూల్చలేదు, పెంగ్విన్లు లేకుండానే అది నిలబడి ఉంది. ఎవరి కోసం కట్టారో వాళ్ల పాదాలను తప్ప మిగతా అన్నిటినీ లెక్కలోకి తీసుకున్న కట్టడం అది.

రెండో శత్రువు గాలిలో ఉంటుంది. బూజు పట్టిన వరి పొట్టు వాడితే కోడిపిల్లలకు బ్రూడర్ న్యుమోనియా వస్తుందని ఫారాల్లో అందరికీ తెలుసు. ఆ ఫంగస్సే పెంగ్విన్ ఊపిరితిత్తుల్లోనూ చేరుతుంది. సముద్రపు గాలికి అలవాటు పడ్డ ఊపిరితిత్తులకు మూసేసిన గదిలోని తేమ, ధూళి పడవు. ప్రయాణం, కొత్త చోటు, టెన్షన్ తోడైతే ఇంకా తొందరగా లొంగిపోతాయి. అందుకే పెంగ్విన్ గదిలో చలి యంత్రం ఒక్కటే చాలదు, గాలిని వడగట్టే యంత్రం కూడా కావాలి.

మరి తలుపులు తీసి ఆరుబయట పెడితే? యూరప్‌లో చాలా జూలు హంబోల్ట్‌లను ఆరుబయటే పెంచుతాయి, అక్కడి వాతావరణం అందుకు వీలుగా ఉంటుంది. ఎండ, గాలి, వాన అన్నీ దొరుకుతాయి. దోమ కూడా దొరుకుతుంది. పక్షులకు వచ్చే మలేరియా మనుషులకు వచ్చే మలేరియా కాదు, ఒకదాని నుంచి ఇంకొకదానికి రాదు. కానీ దోమలు పెద్దగా లేని తీరాల్లో పెరిగిన జాతి కాబట్టి పెంగ్విన్‌కు దాన్ని తట్టుకునే శక్తి తక్కువ. మన ఊరి పిచ్చుకకు ఏమీ కాని మలేరియా పెంగ్విన్‌ను రోజుల్లో చంపగలదు. 2012లో లండన్ జూలోనే ఆరు హంబోల్ట్‌లు ఇలా చనిపోయాయి. ఇలా చూస్తే బొంబాయి లాంటి దోమల ఊరిలో అద్దాల గది నయమే అనిపిస్తుంది. అయితే అద్దాల గదిలో సూర్యుడు ఉండడు. పగలు ఎన్ని గంటలు, రాత్రి ఎన్ని గంటలు అన్న దాన్ని బట్టే పెంగ్విన్ ఒళ్లు గుడ్లు పెట్టే కాలాన్నీ ఈకలు మార్చే కాలాన్నీ నిర్ణయించుకుంటుంది. లైట్ల టైమర్ తప్పితే ఆ కాలాలూ తప్పుతాయి. ఆరుబయట దోమ, గది లోపల దీపం. రెండింటిలో ఏదో ఒకదాన్ని జూ భరించక తప్పదు.

రాణీబాగ్‌లోనూ మొదటి రోజులు సులువుగా గడవలేదు. వచ్చిన కొద్ది నెలలకే, 2016 అక్టోబర్‌లో, ఒక ఆడ పెంగ్విన్ ఇన్ఫెక్షన్‌తో పోయింది. 2018 ఆగస్టు 15న మన దేశంలో తొలి పెంగ్విన్ పిల్ల పుట్టిందని పత్రికలు పండుగ చేశాయి. వారం తిరిగేసరికి అదీ పోయింది. తర్వాతి ఏళ్లలో మాత్రం వరుసగా పిల్లలు పుట్టి నిలిచాయి, మంద పెరిగింది. మొదటి చావుల్ని చూసి తిట్టినవాళ్లూ, తర్వాత పుట్టిన పిల్లల్ని చూసి చప్పట్లు కొట్టినవాళ్లూ ఇద్దరూ కొంచెం తొందరపడ్డారు. గుడ్లు పెట్టడం ఆరోగ్యానికి గుర్తే, కానీ ఫారం కోడి కూడా గుడ్లు పెడుతుంది.

జూల తరఫున మాట్లాడేవాళ్లు ఎప్పుడూ ముందుకు తెచ్చేది ఆయుష్షు. సముద్రంలో హంబోల్ట్ 15, 20 ఏళ్లు బతికితే గొప్ప, జూలో 30 ఏళ్ల దాకా బతికినవి ఉన్నాయి. ఈ లెక్క నిజమే, కానీ ఇది చెప్పేది చాలా తక్కువ. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దగ్గర పార్కులోని జింకకు వేళకు మేత, డాక్టర్ ఉంటారు. కృష్ణ, మాగనూరు మండలాల చేలల్లో తిరిగే కృష్ణజింకను కుక్కలు తరుముతాయి, పంట పాడైందని రైతు తరుముతాడు. పార్కు జింక ఎక్కువ ఏళ్లు బతికితే అది పార్కు గొప్పతనమా, లేక బయట బతుకు కష్టమా అన్నది ఆయుష్షు లెక్కలో తేలదు. ఆ ఏళ్లలో జంతువు ఏం చేసింది అన్నది అసలే తేలదు.

దీనికి టోక్యోలో ఒక పెంగ్విన్ తెలియకుండానే జవాబు చెప్పింది. 2012 మార్చిలో అక్కడి సీ లైఫ్ పార్క్ నుంచి ఒక హంబోల్ట్ పిల్ల రాళ్ల గోడ ఎక్కి, కంచె దాటి తప్పించుకుంది. దానికి పేరు కూడా లేదు, 337 అన్న నంబరే. బయటపడింది ప్రపంచంలోనే రద్దీగా ఉండే సముద్ర తీరాల్లో ఒకటైన టోక్యో అఖాతంలోకి. ఓడలు, చమురు, నగరం మురుగు. వేట నేర్పిన తల్లి లేదు, అప్పటిదాకా తిన్నది చేతికి అందించిన చేపలే. మే నెలాఖరులో, 82 రోజుల తర్వాత పట్టుకున్నప్పుడు అది చిక్కిపోలేదు, బాగానే ఉంది. రోజూ తనే వేటాడుకుని తిన్నదన్నమాట. బకెట్ చేపల మీద పెరిగిన పక్షిలోనూ సముద్రం చెరిగిపోలేదు. దీన్నిబట్టి జూ పెంగ్విన్లన్నిటినీ వదిలేయొచ్చని కాదు, అది పెద్ద పొరపాటవుతుంది. కొలనులో నిలబడి గోడను చూస్తున్న పక్షికి ఈ శక్తి అంతా ఉందని, అది వాడకుండా పడి ఉందని మాత్రం తెలుస్తుంది. మంచి జూలు ఇప్పుడు ఈ ఖాళీని నింపడానికే తంటాలు పడుతున్నాయి. నీళ్లలో అలలు పుట్టిస్తారు, బుడగలు వదులుతారు, చేపను చేతికి ఇవ్వకుండా నీళ్లలో విసిరి వెంటాడేలా చేస్తారు. ఎడిన్‌బరా జూలో 1950ల మొదట్లో ఒకరోజు సిబ్బంది పొరపాటున గేటు మూయకపోతే పెంగ్విన్లు వరుసకట్టి బయటికి నడిచాయట. జనానికి నచ్చడంతో అదే అక్కడ నిత్య ఊరేగింపు అయింది. రావాలనుకున్న పక్షి వస్తుంది, లేనిది రాదు. జూలో పెంగ్విన్‌కు తన ఇష్టం చూపించుకునే చోట్లు చాలా తక్కువ, వాటిలో ఇదొకటి.

ఇదంతా విని సముద్రం స్వర్గమనుకోవద్దు. ఎల్ నినో వచ్చిన ఏడు పెరూ తీరంలో నీళ్లు వేడెక్కి చేపలు లోతుకు, దూరానికి వెళ్లిపోతాయి. మన దగ్గర వానలకు దెబ్బకొట్టి జొన్న, పత్తి రైతును ఏడిపించే ఎల్ నినోనే అక్కడ పెంగ్విన్ పిల్లల్ని గూట్లోనే మాడుస్తుంది. 1982-83 ఎల్ నినోకు గాలాపగోస్ పెంగ్విన్లలో నూటికి 77 పోయాయి. 2023లో బర్డ్ ఫ్లూ చిలీలో హంబోల్ట్‌లను వేల సంఖ్యలో చంపింది. ఆఫ్రికా దక్షిణ తీరంలో కథ ఇంకా దారుణం. ఒకప్పుడు లక్షల్లో ఉన్న ఆఫ్రికన్ పెంగ్విన్లు ఇప్పుడు పది వేల జతల లోపుకు పడిపోయాయి. 2024లో వాటిని అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చారు. పెంగ్విన్ తినే సార్డీన్, ఆంకోవీలనే మనిషి పడవలు వలేసి పట్టుకుపోతున్నాయి. అలాంటప్పుడు అడవిలో స్వేచ్ఛ, జూలో చెర అని రెండు ముక్కలుగా తేల్చేస్తే ఆకలితో చచ్చే పక్షికి ఒరిగేదేమీ లేదు.

అక్కడే జూలకూ సంరక్షణ కేంద్రాలకూ తేడా కనిపిస్తుంది. 2000 జూన్‌లో కేప్‌టౌన్ దగ్గర ట్రెజర్ అనే ఓడ మునిగి చమురు ఒలికింది. దాదాపు 19 వేల పెంగ్విన్లు నూనెలో తడిశాయి. వేలమంది వాలంటీర్లు ఒక్కొక్క పక్షినీ కడిగారు. నూనె అంటని మరో 19 వేలకు పైగా పక్షుల్ని లారీల్లో ఎక్కించి వందల కిలోమీటర్ల దూరంలో పోర్ట్ ఎలిజబెత్ దగ్గర సముద్రంలో వదిలారు. అవి ఈదుకుంటూ సొంత దీవులకు చేరడానికి రెండు మూడు వారాలు పట్టింది, ఆలోపు నీళ్లు శుభ్రం చేశారు. తల్లిదండ్రులు వదిలేసిన పిల్లల్ని చేతుల మీద పెంచి సముద్రంలో వదలడం అక్కడ ఇప్పటికీ సాగుతోంది. డీ హూప్ అనే చోట బొమ్మ పెంగ్విన్లు నిలబెట్టి, స్పీకర్లలో వాటి కూతలు వినిపించి, కొత్త కాలనీ మొదలయ్యేలా చేశారు. ఇక్కడ చెర కొద్ది రోజులదే. తిరిగి వెళ్లే సముద్రం పక్కనే ఉంది.

మనకు దగ్గరి ఉదాహరణ కూడా ఒకటి ఉంది. తుంగభద్ర దాటి కర్నూలు మీదుగా పోతే రోళ్లపాడు వస్తుంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు అక్కడ ఆ పిట్ట కనిపించడం గగనం. రాజస్థాన్‌లోని జైసల్మేర్‌లో 2019 నుంచి దాని గుడ్లు సేకరించి, పొదిగించి పెంచుతున్నారు. ఆ పంజరం సమర్థనీయమే, ఎందుకంటే అది పోయిన గడ్డి మైదానానికి పక్షిని తిరిగి పంపాలన్న లెక్కతో కట్టింది. రాణీబాగ్ పెంగ్విన్ పిల్లలకు అలాంటి దారి లేదు. ఇక్కడి జబ్బులు అక్కడికి మోసుకుపోతాయన్న భయం, ఖర్చు, దూరం వల్ల వాటిని పెరూ తీరానికి ఎవరూ పంపరు. పెరిగితే ఇంకో జూకు మార్పిడిలో వెళ్తాయి, అంతే. అవి పిల్లలకు సముద్రం మీద ఆసక్తి పుట్టించవచ్చు. హంబోల్ట్ జాతిని కాపాడుతున్నాయని చెప్పుకోవడం మాత్రం పెద్ద మాట.

ఈసారి బొంబాయి వెళ్లి అద్దం ముందు నిలబడేవాళ్లు థర్మామీటర్ చూడటం మానేసి పాదాలు చూస్తే ఎక్కువ తెలుస్తుంది. పాదం కింద వాపు ఉందా, ఒక కాలు ఎత్తి నిలబడుతోందా, మందలో ఎన్ని నీళ్లలో ఉన్నాయి, ఎన్ని ఒడ్డున ఊరికే ఉన్నాయి అన్నవి గమనించొచ్చు. ఈకలు కుచ్చులు కుచ్చులుగా ఊడి, చింపిరిగా, గోడ వారగా కదలకుండా నిలబడిన పెంగ్విన్ కనిపిస్తే మాత్రం రోగమని కంగారు పడక్కర్లేదు. ఏడాదికోసారి అది పాత ఈకలన్నీ ఒకేసారి విడిచి కొత్తవి తెచ్చుకుంటుంది. ఆ రెండు మూడు వారాలు ఒంటికి నీళ్లు ఆపే శక్తి ఉండదు కాబట్టి కొలనులోకి దిగదు, అంతకు ముందే తిని పెంచుకున్న కొవ్వు మీదే గడుపుతుంది. పెరూ రాళ్ల మీద ఉన్నా, బైకుల్లా గదిలో ఉన్నా ఆ మూడు వారాలు మాత్రం పెంగ్విన్ ఒకేలా గడుపుతుంది.